ఎండకు వంతులు వేసుకున్న లంక

ఇప్పుడు మా వీధిలో ఏ డాబా మీద చూసినా సోలార్ ప్యానెల్సే. వానాకాలం మొదలవగానే, వాటిని కొత్తగా పెట్టించుకున్నవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వస్తారు. నేను ఆ పనిలోనే రిటైరయ్యానని వాళ్ళకు తెలుసు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ముసురు పడితే కరెంటు ఎంత వస్తుందండీ?" మంచి ఎండలో వచ్చేదాంట్లో పావు భాగం వస్తే సంతోషించమంటాను. నల్లమబ్బు కమ్మితే అదీ రాదంటాను. "కంపెనీ అతను అలా చెప్పలేదండీ" అంటారు. అతను చెప్పడు. అతను చెప్పేది ఏడాది మొత్తం మీద సగటు. ఆ లెక్క తప్పు కాదు. కానీ మన డెల్టాలో ఎండ సగటున కాయదు. కాస్తే నెలల తరబడి కాస్తుంది, పోతే వారం పది రోజులు మొహం చూపించదు. మీ ఇంటి ముందు కరెంటు స్తంభం ఉంది కనుక ముసురు రోజుల్లో మీకు బిల్లు కాస్త పెరుగుతుంది, అంతే. స్తంభమే లేని చోట ఆ ప్యానెల్‌ను నమ్ముకున్నవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిననాటి నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. ఏ రోజైనా మొదటి వాక్యం ఆకాశం గురించే ఉంటుంది. మా ఆవిడ దాన్ని మబ్బుల పంచాంగం అనేది. ఆ డైరీలు ముందు పెట్టుకునే రాస్తున్నాను కాబట్టి సంగతులు జరిగిన వరసలోనే ఉంటాయి. మనుషుల పేర్లు మాత్రం కావాలనే వదిలేశాను.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. రాజమండ్రిలో ఒక మేడ మీద రెండు గదుల ప్రభుత్వ కార్యాలయం మాది. గోబర్ గ్యాసు, సోలార్ లాంటి పథకాలు చూసేవాళ్ళం. నేను టెక్నికల్ అసిస్టెంటుని. నాతో తిరిగే ఎలక్ట్రీషియన్ ఒకతను ఉండేవాడు. చేతిలో మంచి పనితనం, నోట్లో అదుపు లేని మాట. మాకు పైన ఆఫీసరు గారు. ఆయన నియమాల మనిషి. ఫైల్లో పిన్ను ఎడమ మూలన కాక కుడి మూలన గుచ్చితే, తీసి మళ్ళీ గుచ్చుకురమ్మనేవారు. ఎలక్ట్రీషియన్ కావాలనే అప్పుడప్పుడు కుడి మూలన గుచ్చేవాడు.

కరెంటు లైను వెళ్ళని ఊళ్ళలో ఇంటికో సోలార్ సెట్టు ఇచ్చే పథకం వచ్చింది. ఒక ప్యానెల్, ఒక బ్యాటరీ, రెండు లైట్లు. వీటి మధ్యలో కంట్రోలర్ అని ఒక చిన్న పెట్టె. బ్యాటరీ నిండగానే ప్యానెల్ నుంచి వచ్చే కరెంటును ఆపేదీ, బ్యాటరీ ఖాళీ కాబోతుంటే లైట్లను ఆపేదీ అదే. దాని మూత మీద, అమర్చిన చోటు నుంచి ప్యానెల్ కదిపినా వైర్లు మార్చినా సెట్టు వెనక్కి తీసుకోబడును అని అచ్చువేసి ఉండేది. ఆ వాక్యం మా ఆఫీసరు గారికి చాలా ఇష్టం.

ధవళేశ్వరం బ్యారేజీకి దిగువన, గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకను ఎంచుకున్నాం. ఒకటే వరస ఇళ్ళు. అరటితోటలు, కూరగాయలు, కనకాంబరం మడులు. చాలామంది గట్టు అవతల కాలవ కింద పొలం కూడా కౌలుకు చేసేవారు. ఏం కొనాలన్నా అమ్మాలన్నా పడవే.

ఎండాకాలంలో బిగించాం. ప్యానెళ్ళకు పూజ చేసి, అద్దం మీద అరచేతి వెడల్పున పసుపు రాసి బొట్లు పెట్టారు. పసుపు పడ్డ చోట వెలుతురు దిగదని, చిన్న మరకైనా మొత్తం ప్యానెల్‌ని నీరసపెడుతుందని చెప్పాను. బొట్టు లేకుండా ఎలాగండీ అన్నారు. చివరికి చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము మీద పెట్టుకోవడానికి రాజీపడ్డాం. ఇంకో మాట కూడా మీకు పనికొస్తుంది. రోహిణి ఎండలో ప్యానెల్ బ్రహ్మాండంగా పనిచేస్తుందని మీరు అనుకుంటారు. అప్పుడు అది పెనంలా కాలుతుంటుంది, కాలినకొద్దీ దాని పనితనం తగ్గుతుంది. మన దగ్గర దాని మంచి రోజులు మార్గశిరం, పుష్యం. ఎండ ఉంటుంది, వేడి ఉండదు. అయినా ఆ వేసవిలో లంకలో ఏ ఇంట్లోనూ లోటు రాలేదు. రాత్రి భోజనాలయ్యాక కూడా లైట్లు వెలిగేవి.

ఆషాఢం సగంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ లేకపోయినా బ్యాటరీ ఆదుకుంటుందని కంపెనీ కాగితంలో ఉంది. ముసురు ఆ కాగితం చదవలేదు. నాలుగో రోజుకి కంట్రోలర్ల మీద ఎర్రదీపాలు వెలిగి, ఇళ్ళలో దీపాలు ఆగిపోయాయి. పడవ మీద కబురు మీద కబురు వచ్చింది. హైదరాబాదులోని కంపెనీకి రాస్తే, లబ్ధిదారులు టీవీలూ ఫ్యాన్లూ తగిలించి పాడుచేసి ఉంటారని జవాబిచ్చారు. తనిఖీకి తమ ఇంజనీరును పంపుతామన్నారు. అంతకు ముందు మీరిద్దరూ ఒకసారి వెళ్ళి చూసిరండని ఆఫీసరు గారు మమ్మల్ని పంపారు.

పడవ లంకకు దగ్గరవుతుండగా ఎలక్ట్రీషియన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. వరసలో ఒక్క ఇంటి మీద కూడా ప్యానెల్ లేదు. మేము పాతిన ఇనపగొట్టాలు మాత్రం బోసిగా నిలబడి ఉన్నాయి.

"అమ్మేశారు గురువుగారూ" అన్నాడు. "మన ఇద్దరి ఉద్యోగాలూ కూడా కలిపి అమ్మేశారు."

ఒడ్డెక్కి నడిచాక కనిపించాయి. వరస చివర ఒక పూలావిడ ఇల్లు. భర్త పోయాక ఆవిడ కనకాంబరాల మీదే ఇల్లు నడుపుకొంటోంది. లంకలో పూలన్నీ సాయంత్రం ఆవిడ ఇంటికి చేరతాయి. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి కూర్చుని అరటినారతో దండలు కడతారు. తెల్లారి మొదటి పడవకి ఆవిడ గట్టుకి తీసుకుపోయి కొట్టుకి వేస్తుంది. ఆ ఇంటి పెరట్లో, గడ్డివాముకి ఆనించి, లంకలోని ప్యానెల్స్ అన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నిటి వైర్లూ ఒక ముడిలోకి చేరి, అక్కడినుంచి ఆవిడ ఒక్క బ్యాటరీలోకి వెళ్తున్నాయి. మధ్యలో కంట్రోలర్ లేదు. అంత కరెంటు అది తట్టుకోలేదని, లంకలో డీజిల్ ఇంజన్లు బాగుచేసే అతను దాన్ని తప్పించి నేరుగా కలిపాడు.

ఇదేంటని అడిగితే ఊరి పెద్దాయన చెప్పాడు. ఆయన గట్టు అవతల కాలవ కింద ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసినవాడు.

"దాళవాకి, అదే రెండో పంటకి, కాలవలో నీళ్ళు చాలనప్పుడు, అందరూ తలాకాస్త పట్టుకుంటే ఎవరి చేనూ తడవదండీ. వంతు వేసుకుంటాం. ఈ రోజు మొత్తం నీకు, రేపు మొత్తం నాకు. ఇదీ అంతే కదండీ. ఈ ముసుర్లో ఒక్కో పలకకీ వచ్చేది చెంచాడు. అది ఇంటింటికీ పంచుకుంటే అందరం చీకట్లోనే కూర్చుంటాం. అన్నీ కలిపి ఒకరికి పెడితే ఆ రాత్రికి ఒక ఇంట్లోనైనా దీపం నిలబడుద్దండి."

నేను సంచిలోంచి మీటరు తీసి కొలిచాను. ఆయన చెప్పింది నిజమే. ఒక్కో ప్యానెల్ నుంచి వస్తున్నది అల్పం. అన్నీ కలిసేసరికి బ్యాటరీ సాయంత్రానికి నిండేలా ఉంది. ఆ రోజు గురువారం. మిగతా రోజుల్లో వంతు ఎవరిదైనా గురువారం మాత్రం పూలావిడకే అని అందరూ ఒప్పుకున్నారట. శుక్రవారానికి దండలు కట్టాలి కదా. లాంతరు వెలుగులో వాడిన పువ్వూ తాజా పువ్వూ ఒకలాగే కనిపిస్తాయని ఆవిడ నాకు చెప్పింది. శ్రావణ శుక్రవారాలు ముంచుకొస్తున్నాయి. ఆ నెల మీదే ఆవిడ ఏడాది ఆధారపడి ఉంది. ఒక్క వారం దండలు పాడైనా, కొట్టు యజమాని ఇంకో ఊరివాళ్ళను చూసుకుంటానని ముందే చెప్పాడట.

నాకు రెండు భయాలు కలిగాయి. ఒకటి, ఆఫీసరు గారు. తనిఖీనాటికి ప్యానెల్స్ పైకి ఎక్కకపోతే సెట్లన్నీ పోతాయి. రెండోది అసలు భయం. ముసుర్లో ఈ ఏర్పాటు బాగుంది. ఎండ కాస్తే మాత్రం ఇన్ని ప్యానెల్స్ ఒక బ్యాటరీలోకి, మధ్యలో ఆపేవాడు లేకుండా, కరెంటును కుమ్మరిస్తాయి. ఎండ పొడ కనిపించిన వెంటనే వైర్లు విడదీయమని చెప్పాను. అలాగేనండీ అన్నారు. పెద్దాయన మాత్రం ఒక మాట అడిగాడు.

"ఎవరు విడదీయాలండీ?"

"ఎవరో ఒకరు. ఎవరు చూస్తే వాళ్ళు."

ఆయన తల ఊపాడు కానీ ఆ ఊపడం నాకు అర్థం కాలేదు. కాలవ వంతుల్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి వంతు నడుస్తుంటే వాళ్ళ చేలోకి నీళ్ళు తెచ్చే బోదె మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. చేను నిండి నీళ్ళు గట్టు దాటినా సరే, వాళ్ళే వచ్చి కట్టుకోవాలి. పక్కవాడు మంచి మనసుతో మట్టి వేసినా అది దొంగతనం కిందే లెక్క. తలలు పగిలిన గొడవలు దాని మీదే జరిగాయి. నేను బస్తీలో పెరిగినవాణ్ణి. ఆ కట్టుబాటు నాకు అప్పటికి తెలియదు.

శ్రావణం ప్రవేశించిన వారంలో మబ్బు హఠాత్తుగా విడిపోయింది. నా డైరీలో ఆ రోజు "తెల్లటి ఎండ, కడిగిన ఆకాశం" అని ఉంది. వాన కడిగిన ప్యానెల్, చల్లటి గాలి, మంచి ఎండ. దాని పనితనం పరాకాష్ఠకు చేరే రోజు అదే. మర్నాడు తనిఖీ కనుక, అన్నీ సర్దించడానికి మేమిద్దరం ఆ సాయంత్రమే లంకకు వెళ్ళాం.

పెరట్లో ఘాటైన యాసిడ్ వాసన. బ్యాటరీ పొంగి, ఒక పక్క చీలింది. వైర్ల మీద తొడుగు కరిగి నేలకు అంటుకుంది. ఆ రోజు గురువారం, పూలావిడ వంతు. తెల్లవారుజామున మబ్బుగానే ఉండటంతో ఆవిడ పూలు తీసుకుని గట్టుకి వెళ్ళింది. ఇంజన్ల అతను కూడా ఏదో సామాను కోసం అదే పడవలో వెళ్ళాడు. ఎండ వచ్చింది. వరసలోని మగవాళ్ళంతా పెరటి దడి ఇవతల చేరారు. బ్యాటరీ బుసబుసలాడటం అందరూ విన్నారు.

"మరి విడదీయలేదేం?" అన్నాను.

పెద్దాయన నా వంక చూడలేదు. "ఆవిడ వంతు కదండీ" అన్నాడు.

ఎలక్ట్రీషియన్ వంగి, కరిగిన వైర్లను నేల మీంచి ఊడబీకడం మొదలుపెట్టాడు.

పొద్దుగుంకే లోపల చేయాల్సిన పని చాలా ఉంది. ప్యానెల్స్ అన్నీ తిరిగి పైకెక్కించి, కంట్రోలర్లు కలిపాం. ఆ తరువాత అరుగు మీద కూర్చుంటే బ్యాటరీ మాట వచ్చింది. మా ఎలక్ట్రీషియన్ ఒక దారి చెప్పాడు. కాలిన వైర్లు గోదాట్లో పారేద్దాం, బ్యాటరీ దానంతటదే చీలిందందాం, తయారీ లోపమని కంపెనీయే కొత్తది ఇస్తుంది. మగవాళ్ళకు ఆ మాట నచ్చింది. పెద్దాయన కూడా సరేనన్నాడు. అది నిలబడే అబద్ధం కాదని నాకు తెలుసు. కానీ ఆ కొత్త బ్యాటరీ లేకపోతే ఆ వారం నుంచే ఆవిడకు చీకటి.

అంతవరకూ స్తంభానికి ఆనుకుని వింటున్న పూలావిడ అప్పుడు మాట్లాడింది.

"వచ్చే ఇంజనీరు కళ్ళు మూసుకుని వస్తాడేంటండీ? ఇది ఒక్క పలకతో ఉడికింది కాదని ఆయనకి తెలిసిపోద్ది. తెలిశాక అందరి ఇళ్ళూ వెతుకుతాడు. నా ఒక్కదాని బ్యాటరీ కోసం వరసంతా దీపాలు పోగొట్టుకుంటారా?"

"మరి నీ దండలు ఎలాగే?" అంది పక్కింటి ముసలావిడ.

"అవి చూసుకుందాం పిన్నీ. నేను కొత్తది అడగను. అడగనిదాని గురించి ఆయన ఎందుకు వెతుకుతాడు?"

ఇంజన్ల అతను తల వంచుకుని కూర్చున్నాడు. నీ తప్పేం లేదు, కలపడం బాగానే కలిపావు అని ఆవిడే అతనికి చెప్పింది.

మర్నాడు మళ్ళీ మబ్బు పట్టింది. ఆఫీసరు గారు ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని పడవ దిగారు. ఆయన్ని ఆ వేషంలో చూసిన ఎలక్ట్రీషియన్ అటు తిరిగి గోదావరిని చూడటం మొదలుపెట్టాడు. కంపెనీ ఇంజనీరు చిన్నవాడు, మంచివాడు. భయమంతా తన కంపెనీకి వాపసులు ఎన్ని వస్తాయోనని. ఇంటింటికీ తిరిగాం. ఎక్కడా టీవీ లేదు, ఫ్యాను లేదు. చివరి ఇంటికి వచ్చాం. పూలావిడ తనే పీట మీద బ్యాటరీ పెట్టి చూపించింది.

"నా చేతుల మీదే పోయిందండీ. ఎండలో ఎక్కువ పట్టించేశాను. కొత్తది ఇవ్వమని అడగటం లేదండీ."

ఇంజనీరు వంగి చీలికను వేలితో తడిమాడు. లేచి నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"ఒక్క ప్యానెల్‌కి బ్యాటరీ ఇలా ఉడుకుతుందా సార్?"

"ఉడకదు" అన్నాను.

"మరి?"

"ఆవిడ కొత్తది అడగటం లేదు. అడిగితే మనిద్దరం కూర్చుని ఇది ఎందుకు ఉడికిందో తేల్చాల్సిందే. దాంతోపాటు మీ ప్యానెల్ ముసుర్లో ఎంత ఇస్తుందో, మీరు రాసిన మూడు రోజులు మా గోదావరి దగ్గర ఎందుకు చాలలేదో కూడా తేల్చాలి."

అతను ఆకాశం వైపు చూశాడు. అది కూడా నా పక్షానే ఉంది. చినుకులు మొదలయ్యాయి. బ్యాటరీ మీద మూత వేసి, వాడకందారు పొరపాటు, క్లెయిము లేదు అని రాసుకున్నాడు. అతనికీ లంకకీ ఒకే చోట లాభం కలిసింది. ఉద్యోగంలో అలాంటి రోజులు అరుదు.

తిరుగు పడవ నది మధ్యకు వచ్చాక ఆఫీసరు గారు, "ఆ ఇళ్ళ మీద ప్యానెల్స్‌కి తీగలన్నీ కొత్తగా కట్టినట్టున్నాయేం?" అన్నారు.

"గాలివానకి వదులైతే బిగించుకున్నారండీ" అన్నాడు ఎలక్ట్రీషియన్, కన్నార్పకుండా.

"ఒక్క ఇల్లు కూడా వదలకుండా వీచిందన్నమాట గాలి" అని ఆయన గొడుగు విప్పుకున్నారు. ఆ తరువాత ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. తరువాత తెలిసింది, వాళ్ళ నాన్నగారిది తణుకు దగ్గర కాలవ చివరి పొలమట, వంతు వేసుకోనిదే నీళ్ళు అందని చోటు.

నేను నివేదిక రాశాను. ఈ సెట్లు డెల్టా ముసురుకు చాలవని, ఇంకా పెద్ద ప్యానెల్ ఇవ్వాలని, లేదా ముసురు రోజుల కోసం ఊరికి ఒకచోట ఉమ్మడిగా బ్యాటరీలు నింపే ఏర్పాటు, దానికి తగిన పెద్ద కంట్రోలర్ పెట్టాలని. పూలావిడ బ్యాటరీకి పథకంలో దారి ఉందేమో చూడమని వేరే కాగితం పెట్టాను. నివేదిక అందినట్టు జవాబు వచ్చింది. రెండో కాగితానికి అదీ రాలేదు.

మళ్ళీ ఆ లంకకు వెళ్ళింది మార్గశిరంలో. ఆకాశంలో చుక్క మబ్బు లేదు. వేరే లంకలో పని చూసుకుని వస్తూ, దీపాలు ఎలా ఉన్నాయో చూసిపోదామని సాయంత్రం దిగాం. వరసంతా లైట్లు వెలుగుతున్నాయి. చివర పూలావిడ ఇంట్లో కూడా లైటు తెల్లగా వెలుగుతోంది. ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని దండలు కడుతున్నారు. మాటలూ నవ్వులూ దారిలోకి వినిపిస్తున్నాయి. కొత్త బ్యాటరీ ఎలాగో కొనుక్కుందనుకున్నాను.

వరస మధ్యలో ఒక్క ఇల్లు మాత్రం చీకటిగా ఉంది. గుమ్మంలో కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని ఒకావిడ పిల్లకి అన్నం తినిపిస్తోంది. ఇంత ఎండ రోజుల్లో లైటు వెలగలేదంటే ఏదో పాడయినట్టే. ఎలక్ట్రీషియన్ అప్పుడే టెస్టరు బయటికి తీశాడు.

"ఏమ్మా, లైటు రావట్లేదా? ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

"బానే వస్తందండీ" అంది ఆవిడ, ముద్ద కలుపుతూ. "మా బ్యాటరీ పూలావిడింటికి వెళ్ళిందండీ. నిన్న ఎదురింటోళ్ళది వెళ్ళింది. ఈ రోజు మా వంతు."